జీకే వీధి కుర్రాడికి జీకే రాదా?

నర్సీపట్నం బస్టాండులో చింతపల్లి మీదుగా కొండెక్కే బస్సు బోర్డు మీద ‘జి.కె.వీధి’ అని ఉంటుంది. గూడెం కొత్తవీధి అని పూర్తిగా పలికే తీరిక కండక్టరుకూ లేదు, ఎక్కేవాళ్ళకూ లేదు. ఆ బోర్డు కిందే, ఇటుక మందాన ఉన్న జనరల్ నాలెడ్జ్ పుస్తకం చంకలో పెట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. డిగ్రీ అయిపోయింది. గ్రూప్-2కీ, రైల్వేకీ, కానిస్టేబులుకీ అన్నిటికీ ఫీజులు కట్టేస్తున్నాడు. మాటల్లో మాటగా అన్నాడు: “లెక్కలు ఎలాగోలా లాగేస్తాను సార్. జీకేయే నాకు రాదు.”

నాకు నవ్వొచ్చింది. “ఊరి పేరులోనే జీకే పెట్టుకుని రాదంటే ఎలాగయ్యా?” అన్నాను. పాపం, ఆ జోకు అతను చిన్నప్పట్నుంచీ వింటున్నాడట. హాస్టల్లో మాస్టార్లు కూడా అదే అనేవారట. మర్యాదకి నవ్వి బస్సెక్కాడు. నేనూ ఎక్కి పక్కనే కూర్చున్నాను.

ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి అతని పెదాలు కదలసాగాయి. బుర్కినా ఫాసో వాగడూగు, బుర్కినా ఫాసో వాగడూగు. రాజధానుల పేజీ. మలుపు మలుపుకీ పుస్తకం అటూ ఇటూ ఒరుగుతోంది, ఇతను మంత్రం ఆపడు. లంబసింగి దాటాక పుస్తకం అడిగి తీసుకుని తిరగేశాను. రాజ్యాంగం అధ్యాయంలో ఒక లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు: ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన, 1959. పక్కన నక్షత్రం గుర్తు. అంటే ముఖ్యమైన బిట్టన్నమాట.

“ఇదేంటో చెప్పు” అన్నాను.

“1959 సార్. షెడ్యూల్డ్ ఏరియా భూముల రెగ్యులేషన్.”

“మరి 1/70 అంటే?”

“అది మా భూముల చట్టం సార్. మా తాత ఎప్పుడూ చెప్తుంటాడు.”

“రెండూ ఒకటేనా, వేరు వేరా?”

కుర్రాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండూ ఒకటే. 1959 నాటి నిబంధనను 1970లో గట్టిగా సవరించారు. ఆ ఏడాది రెగ్యులేషన్లలో దాని వరుస నంబరు ఒకటి. అందుకే 1 ఆఫ్ 70, మనవాళ్ళ నోట్లో 1/70. ఏజెన్సీలో పుట్టిన పిల్లలు అక్షరాలు దిద్దకముందే వినే మాట ఇది. తాత చెప్పింది ఒక గదిలో ఉంది, ఎర్రగీతల బిట్టు ఇంకో గదిలో ఉంది, మధ్య తలుపు లేదు. ఇతని దగ్గర సరుకుంది. దాన్ని పరీక్షలో ఏ పేరుతో పిలుస్తారో తెలీదు, అంతే.

పోగు పట్టుకుని లాగండి

జీకే వీధిలో దిగి టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. తాతే ఎదురొచ్చాడు. భుజం మీద కాఫీ గింజల మూట, నోట్లో అడ్డపొగ. “తాతా, 1/70 అంటే ఏటి?” అని మనవడి చేతే అడిగించాను. ఆయన మూట దించి, తడుముకోకుండా చెప్పాడు: “మన భూమి మనోడే కొనాల. మైదానపోడికి దస్తావేజు రాసిచ్చినా సెల్లదు. మైదానపోడు ఇంకో మైదానపోడికి అమ్మినా సెల్లదు.”

ఆ చివరి వాక్యం మీద ఆగాలి. 1959 నిబంధనకూ 1970 సవరణకూ ఉన్న అసలు తేడా అదే. గిరిజనేతరుడు ఏజెన్సీలో భూమి అమ్ముకోవాలంటే గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి తప్ప తనలాంటి మరొకడికి అమ్మడానికి లేదు. బడి మెట్టు ఎక్కని మనిషి ఒక్క ముక్కలో చెప్పింది గైడులో సగం పేజీ ఉంటుంది, అదీ సరిగ్గా ఉంటే.

ఇక అక్కణ్ణుంచి పోగు లాగండి. ఈ నిబంధన చేసింది శాసనసభా? కాదు, గవర్నరు. ఆయనకా అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది? రాజ్యాంగం అయిదో షెడ్యూలు, 5వ పేరా నుంచి. అయిదో షెడ్యూలుకు తలుపు తీసేది 244వ అధికరణం మొదటి క్లాజు. రెండో క్లాజు తీసేది ఆరో షెడ్యూలు తలుపు. అది అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలకు. అయిదో షెడ్యూలు ప్రాంతాలు పది రాష్ట్రాల్లో ఉన్నాయి: మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పక్కనే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆపైన జార్ఖండ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్. ఇదే జిల్లాలో అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద ‘సమత’ అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఈ నిబంధన కింద ప్రభుత్వమూ ఒక ‘వ్యక్తే’, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు అది కూడా లీజు ఇవ్వకూడదు. దానికి కొన్ని నెలల ముందే, 1996 డిసెంబరులో, పెసా చట్టం వచ్చి గ్రామసభకు మాట దక్కింది. తర్వాత పదేళ్ళకు, 2006లో అటవీ హక్కుల చట్టం. తాత జేబులో ఉన్న పోడు పట్టా దాని పుణ్యమే.

టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు రాజ్యాంగం అధ్యాయంలో ఒక మూల మొత్తం అయిపోయింది. ఎర్ర పెన్ను అవసరం రాలేదు.

ఇంకో పోగు. మీలో చాలామంది జీవో నంబరు 3 కోసం బందులు చేశారు, రోడ్ల మీద కూర్చున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన ఉత్తర్వు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం వెనకాలే ఒక ప్రశ్న కూడా రావాలి: నూటికి నూరు కుదరదని కోర్టు ఏ కొలబద్ద పెట్టుకుని అంది? ఆ కొలబద్ద 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇంద్రా సాహ్ని కేసులో గీసిన యాభై శాతం గీత. ఆ కేసు ఎందుకొచ్చింది? మండల్ కమిషన్ సిఫారసుల అమలు మీద. కమిషన్ వేసింది 1979లో, నివేదిక వచ్చింది 1980లో. మరి ఆ గీత దాటి ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు పది శాతం ఎలా వచ్చింది? 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా. దాన్ని 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు–ఇద్దరు తేడాతో సమర్థించింది. ధర్నాలో కూర్చున్నవాడికి ఈ ప్రశ్నలు బిట్లు కావు, సొంత గోడు. సొంత గోడును ఎవరూ బట్టీ పట్టరు.

మైదానంలో కోచింగ్ సెంటర్లలో ఈ అయిదో షెడ్యూలునే ఏవో పొడి అక్షరాలు కలిపి పాటలాగా నేర్పుతారు. ఆ షెడ్యూల్లోనే పుట్టి పెరిగినవాళ్ళు అక్కడ నెలకింత ఫీజు కట్టి, వెనక బెంచీలో కూర్చుని ఆ పాట నేర్చుకుంటారు. నాకు ఇంతకంటే విడ్డూరం ఇంకోటి కనపడదు.

అల్లూరి సంగతి చెప్పనక్కర్లేదనుకుంటారు. చెప్పాలి. బొమ్మకు దండ వేసేవాళ్ళలో ఎంతమందికి తేదీలు తెలుసు? 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీస్ స్టేషన్లు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, మన మండలంలోని దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు నేలకొరిగారు. అదే 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగి గాంధీజీ సహాయ నిరాకరణ ఆపేశారు. అంటే దేశమంతా ఉద్యమం చల్లబడిన ఆరు నెలలకు గూడెం కొండలు అంటుకున్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ‘కాలక్రమంలో అమర్చండి’ అనే ప్రశ్నకు భయపడక్కర్లేదు. అల్లూరిని కాల్చింది 1924 మే 7న, కొయ్యూరులో. ఇక గాం మల్లుదొర సంగతి. గంటందొర తమ్ముడు, బట్టిపనుకుల మనిషి, అల్లూరితో కలిసి పోరాడినవాడు. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అప్పట్లో ఆ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. రెండో ఆయన లంకా సుందరం. ఆ ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి తీసేశారు. ఇప్పుడు మీరు ఓటేసే అరకు లోక్‌సభ స్థానం పునర్విభజన తర్వాత 2009లో మొదటిసారి ఎన్నికకు వచ్చింది.

సీలేరు గురించి రెండు ముక్కలు చాలు. మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్‌గా పుట్టి, డుడుమ దగ్గర దూకి, సీలేరుగా పేరు మార్చుకుని, శబరిలో కలిసి, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారిలో ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. దీన్ని కాగితం మీద గీతగా గీసి గోడకు అంటించుకోండి. గోదావరి ఉపనదుల ప్రశ్న ఎటునుంచి వచ్చినా ఆ గీత మీదే దొరుకుతుంది.

కాఫీ మూట కూడా ఒక పాఠమే. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు చట్టం 1999ది, అమల్లోకి వచ్చింది 2003లో, రిజిస్ట్రీ చెన్నైలో, దేశంలో మొట్టమొదట దక్కించుకున్నది డార్జిలింగ్ టీ. కాఫీ బోర్డు బెంగళూరులో, అదీ వ్యవసాయ శాఖ కింద కాదు, వాణిజ్య శాఖ కింద. దేశంలో ఎక్కువ పండించేది కర్ణాటక, ప్రపంచంలో బ్రెజిల్. ఆ బోర్డు పరిశోధన కేంద్రం ఒకటి మన ఆర్‌.వి.నగర్‌లోనే ఉంది. రోజూ దాని గేటు ముందునుంచి ఆటోలో వెళ్తుంటాం, ‘కాఫీ బోర్డు ఎక్కడ?’ అన్న బిట్టుకు గైడు వెతుకుతాం.

తాతకు చెప్పండి

ఇంత చెప్పాక కుర్రాడు నోటుబుక్కు తీశాడు. “ఇవన్నీ రాసేసుకుంటాను సార్, రోజూ ఒకసారి చదువుతాను.” వద్దన్నాను. అతనికి అర్థం కాలేదు.

మళ్ళీ మళ్ళీ చదవడం మనల్ని మోసం చేస్తుంది. రెండోసారి చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే జవాబు కళ్ళ ముందే ఉంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థుల మీద ఇదే చూశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్ళీ చదివింది. ఇంకో జట్టు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే గెలిచారు. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళు వాళ్ళను దాటిపోయారు. మీ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి పని ఇది. రాత్రి ఒక పోగు చదవండి. పొద్దున్న పుస్తకం తీయకుండా, పాత కాగితం వెనకవైపు, గుర్తొచ్చినంత రాయండి. రానిచోట ఖాళీ వదిలేయండి. ఆ తర్వాతే పుస్తకం తీసి ఖాళీలు నింపండి. మూడో రోజు మళ్ళీ, వారానికి మళ్ళీ, నెలకు మళ్ళీ. ఖాళీలు సిగ్గుపడాల్సినవి కావు. ఏది చదవాలో చెప్పేవి అవే.

ఇంతకంటే మంచి ఉపాయం ఈ కుర్రాడి ఇంట్లోనే ఉంది. “గవర్నరుకు ఈ అధికారం ఎలా వచ్చిందో మీ తాతకు చెప్పు, మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో” అన్నాను. మొహమాటపడుతూ మొదలుపెట్టాడు. అయిదో షెడ్యూలు, రాజ్యాంగం అంటూ రెండు నిమిషాలు చెప్పాడు. తాత అంతా విని అడిగాడు: “ఆ గవర్నరును ఎవులు పెట్టారు?”

మనవడు నా వైపు చూశాడు. నేను టీ గ్లాసు వైపు చూశాను.

155వ అధికరణం: గవర్నరును నియమించేది రాష్ట్రపతి. తాత ఊరుకోలేదు. “మరి మా మాట ఆయనకి ఎవులు చెప్తారు?” అని ఇంకోటి వేశాడు. దానికి జవాబు అయిదో షెడ్యూలు 4వ పేరా: గిరిజన సలహా మండలి. ఇరవైమందికి మించకూడదు, అందులో నాలుగింట మూడొంతులు శాసనసభలోని గిరిజన సభ్యులే ఉండాలి. 3వ పేరా ప్రకారం గవర్నరు షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద ఏటా రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి. ఏ గైడూ అడగని వరసలో, సరిగ్గా అడగాల్సిన వరసలో అడిగాడు ఆ పెద్దాయన. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే వేరే మాక్ టెస్టులు కొనకండి. ఉన్నా కొంటారనుకోండి, అది వేరే సంగతి.

తేదీ వేయండి

వర్తమానాంశాలు అనగానే అందరూ నెల పత్రికల మీద పడతారు. నా మాట వినండి: నోటుబుక్కులో రాసే ప్రతి అంకె పక్కనా తేదీ వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 అని రాసుకున్నవాడు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాక కొట్టివేసి మళ్ళీ రాశాడు. ఆ రోజే మన పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది. ఇలాంటి లెక్కలు రాతి మీద చెక్కినవి కావు, మళ్ళీ కదులుతాయి. తేదీ ఉంటే ఏది పాతదో ఏది కొత్తదో మీకే తెలుస్తుంది. నేను పరీక్షలు రాసే రోజుల్లో రంగురంగుల అట్ట చూసి ఒక గైడు కొన్నాను. అట్ట కొత్తది, లోపల మంత్రుల జాబితా రెండేళ్ళ కిందటిది. రెండు మార్కులు పోయాక గాని కళ్ళు తెరుచుకోలేదు.

రెండో మాట. వార్తలో పేరు దగ్గర ఆగిపోకండి, ఆ పేరు అక్కడికి ఏ దారిన వచ్చిందో చూడండి. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. సి.పి.రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, మన తెలుగువాడు జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డికి 300. బిట్ల పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. మీరు ఇంకో అడుగు వేయాలి. ఎవరు ఓటేశారు? పార్లమెంటు ఉభయసభల సభ్యులు, నామినేట్ అయినవాళ్ళతో సహా. ఎమ్మెల్యేలకు ఓటు లేదు. 2022లో ద్రౌపది ముర్ము గెలిచి జులై 25న పదిహేనో రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన ఎన్నికలోనేమో ఎమ్మెల్యేలకు ఓటుంది, నామినేట్ అయినవాళ్ళకు లేదు. పేర్లు అయిదేళ్ళకోసారి మారతాయి. ఓటు ఎవరికుందో ఆ పద్ధతి మీద ప్రశ్న మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది.

ఈ చిన్నచిన్న వార్తల్లో కూడా మన గుమ్మం కనపడేవి చాలా ఉంటాయి. భారత్ ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పొద్దున్నే సోళ్ళంబలి తాగి బయల్దేరేవాళ్ళు దీన్ని మర్చిపోతే ఎలా? నవంబరు 15 బిర్సా ముండా జయంతి, 2021 నుంచి జనజాతీయ గౌరవ దినం. 2023లో అదే రోజు పీఎం-జన్‌మన్ పథకం మొదలైంది, దేశంలోని 75 ఆదిమ తెగల కోసం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం నాడు థింసా ఆడేవాళ్ళకు ఆ తేదీ ఎందుకో తెలియాలి కదా. 1982లో జెనీవాలో ఆదివాసీ జనాభాపై ఐక్యరాజ్యసమితి కార్యాచరణ బృందం మొదటిసారి కూర్చున్న రోజు అది.

సిగ్నల్ లేదంటారా? నిజమే, కొన్ని ఊళ్ళలో ఫోను మోగాలంటే గుట్టెక్కాలి. కానీ వర్తమానాంశాలకు రోజంతా సిగ్నల్ ఎందుకు? సంత రోజు చింతపల్లి వచ్చినప్పుడు వారానికి సరిపడా దింపుకోండి, మిగతా ఆరు రోజులు ఫోను కట్టేసి చదవండి. సిగ్నల్ పుష్కలంగా ఉన్న విశాఖ కుర్రాళ్ళు ఆ ఆరు రోజులూ రీల్స్ చూస్తున్నారు. ఇంగ్లీషు రాదంటారా? కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు. ఆ సాకు కూడా పోయింది.

పన్నెండు ప్రశ్నల లెక్క

ఇంత తంటా ఎందుకు అనేవాళ్ళకు కొన్ని అంకెలు. 2023 డిసెంబరు గ్రూప్-2 నోటిఫికేషన్ ప్రకారం ప్రిలిమ్స్ 150 మార్కులు: చరిత్రకు 30, భూగోళానికి 30, భారతీయ సమాజానికి 30, వర్తమానాంశాలకు 30, మిగిలిన 30 మానసిక సామర్థ్యానికి. రైల్వే ఎన్టీపీసీ మొదటి దశలో వందకు నలభై ప్రశ్నలు జనరల్ అవేర్‌నెస్‌వే. లెక్కకు నిమిషం పడుతుంది. జీకే ప్రశ్న తెలిస్తే పది సెకన్లు, తెలియకపోతే అయిదు సెకన్లలో తెలిసిపోతుంది.

తెలియనప్పుడు ఏం చెయ్యాలి? ఇక్కడే చాలామంది గుడ్డిగా గీకేస్తారు, లేదా భయపడి వదిలేస్తారు. తప్పుకు మూడో వంతు కోత ఉన్న పరీక్షలో నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు పన్నెండు తీసుకోండి. కళ్ళు మూసుకుని పెడితే సగటున మూడు ఒప్పు, తొమ్మిది తప్పు. మూడు వచ్చాయి, మూడు పోయాయి, మిగిలింది సున్నా. ప్రతి ప్రశ్నలో ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగితే నాలుగు ఒప్పు, ఎనిమిది తప్పు, చేతిలో 1.33. రెండు కొట్టేయగలిగితే ఆరు ఒప్పు, ఆరు తప్పు, నికరంగా నాలుగు మార్కులు. పూర్తిగా తెలియని ప్రశ్నల మీద నాలుగు మార్కులు! ఇప్పుడీ ప్రశ్న చూడండి: శబరి, ఇంద్రావతి, ప్రాణహిత, వంశధారల్లో గోదావరి ఉపనది కానిది ఏది? సీలేరు గీత గోడకు అంటించుకున్నవాడికి శబరి అక్కడికక్కడే పోతుంది. నేరుగా సముద్రంలో కలిసే వంశధారను శ్రీకాకుళం బంధువు ఉన్నవాడు పట్టేస్తాడు.

బయల్దేరే ముందు కుర్రాడు అసలు సందేహం బయటపెట్టాడు. “తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం మహేంద్రగిరి అని ఎన్‌సీఈఆర్‌టీలో ఉంది సార్, 1,501 మీటర్లు. మన జిల్లాలోనే అర్మకొండ 1,680 మీటర్లంటారు. ఏది పెట్టాలి?”

ఈ ప్రశ్న అడిగినవాడికి జీకే రాదని ఎవరన్నారు? కొరాపుట్‌లో ఉన్న దేవమాలి కూడా 1,672 మీటర్లు, అదీ మహేంద్రగిరి కంటే ఎత్తే. ఆప్షన్లలో అర్మకొండ గాని, దానికే మరో పేరని కొందరు చెప్పే జిందగడ గాని ఉంటే కళ్ళకద్దుకుని పెట్టండి. రెండూ లేక దేవమాలి ఉంటే దేవమాలి. ఏదీ లేకపోతే ప్రశ్న తయారుచేసినాయన పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని రాశాడని అర్థం, మహేంద్రగిరి పెట్టి ముందుకెళ్ళండి. అర్మకొండ ఉండగా కీలో మహేంద్రగిరి ఇస్తే ఊరుకోకండి. కమిషన్ ప్రాథమిక కీ వదిలాక అభ్యంతరాలకు గడువు ఇస్తుంది. ఆధారం జతచేసి అభ్యంతరం పెట్టండి. మన కొండ ఎత్తు గురించి మనం కాక ఇంకెవరు మాట్లాడతారు?

ఇక మీ వంతు. ఈ పేజీ మూసి, పాత కాగితం ఒకటి తీసుకుని, పైకి చూడకుండా రాయండి. 1/70లో ఒకటి అంటే ఏమిటి? ఆరో షెడ్యూలు ఏ నాలుగు రాష్ట్రాలకు? దామనపల్లి ఘాట్ ఏ తేదీన? గిరిజన సలహా మండలిలో ఎంతమందికి మించకూడదు? ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేకు ఓటుందా? కాఫీ బోర్డు ఏ శాఖ కింద? ఆరింట్లో నాలుగు రాయలేకపోతే ఇప్పుడే మళ్ళీ చదవకండి. రేపు పొద్దున్న ఇంకోసారి రాసి చూసి, అప్పుడు ఖాళీల దగ్గర మాత్రమే చదవండి.